తూటా నుంచి మాత్రకు: దీర్ఘకాలిక లుకేమియా చికిత్సా కథనాలు - విమర్శనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం

రక్త క్యాన్సర్‌ను గురించి మన సమాజంలో చలామణిలో ఉన్న కథనాలు ప్రధానంగా రెండు. ఒకటి అకాలమరణపు విషాదం, మరొకటి ఔషధావిష్కరణ విజయం. 2001 తరువాత దీర్ఘకాలిక లుకేమియా చికిత్స ఆసుపత్రి పడక మీది నుంచి ఇంటి అలమరలోని మందుసీసాలోకి మారింది. ఈ మార్పును పై రెండు కథనాలూ ఎందుకు పట్టుకోలేకపోయాయో, దానివల్ల వైద్యునికీ రోగికీ మధ్య సంభాషణలో తలెత్తే చిక్కులేమిటో ఈ వ్యాసం చర్చిస్తుంది.

కీలకపదాలు: దీర్ఘకాలిక లుకేమియా, ఇమాటినిబ్, వ్యాధికథనం, రూపకం, నిత్యచికిత్స, వైద్యభాష

1. ఉపోద్ఘాతం

ఒక జబ్బుకు చికిత్స మారినప్పుడు ఆ జబ్బును గురించి చెప్పుకొనే కథ కూడా మారవలసి ఉంటుంది. చాలాసార్లు అది వెంటనే మారదు. వైద్యశాస్త్రం ముందుకు పోతుంది, కథ మాత్రం పాత చోటనే నిలబడి ఉంటుంది. దీర్ఘకాలిక లుకేమియా విషయంలో ఈ ఎడం స్పష్టంగా కనిపిస్తుంది.

లుకేమియాను స్థూలంగా తీవ్రం, దీర్ఘకాలికం అని విభజిస్తారు. తీవ్ర లుకేమియా చికిత్స లేకపోతే కొన్ని వారాల్లో, నెలల్లో ప్రాణం తీస్తుంది. దీర్ఘకాలిక లుకేమియా నెమ్మదిగా నడుస్తుంది. ఇందులో ముఖ్యమైనవి రెండు: ఎముక మజ్జలోని మైలాయిడ్ కణాలకు సంబంధించిన సి.ఎం.ఎల్., లింఫ్ కణాలకు సంబంధించిన సి.ఎల్.ఎల్. సామాన్య వ్యవహారంలో ఇవన్నీ కలిసి 'బ్లడ్ క్యాన్సర్' అనే ఒక్క మాటలో ఇమిడిపోయాయి. ఆ ఒక్క మాట వెనుక ఉన్న కథ దాదాపు ఎప్పుడూ తీవ్ర లుకేమియాదే. మనం గర్వంగా చెప్పుకొనే యల్లాప్రగడ సుబ్బారావు పరిశోధన కూడా ఆ కోవలోనిదే. లెడర్లీ సంస్థలో ఆయన బృందం రూపొందించిన ఫోలిక్ ఆమ్ల వ్యతిరేక ఔషధం అమినోప్టెరిన్‌ను సిడ్నీ ఫార్బర్ వాడి, 1948లో ఫలితాలు ప్రకటించినది పిల్లల్లో వచ్చే తీవ్ర లుకేమియాకు. దీర్ఘకాలిక లుకేమియాకు మన జ్ఞాపకంలో ప్రత్యేకమైన చోటు లేదు.

ఈ వ్యాసం వైద్యశాస్త్ర సమీక్ష కాదు. చికిత్సను గురించి రాసిన, చూపిన, తీర్పు చెప్పిన పాఠ్యాలను చదివే ప్రయత్నం. సినిమా, ప్రజాదరణ పొందిన వైద్యచరిత్ర గ్రంథం, న్యాయస్థానపు తీర్పు, పరిశోధన నివేదిక - వీటన్నిటినీ ఇక్కడ పాఠ్యాలుగానే స్వీకరించడం జరిగింది.

2. వెండితెర మీది రక్త క్యాన్సర్

సుజన్ సోంటాగ్ 1978లో వెలువరించిన 'ఇల్‌నెస్ యాజ్ మెటఫర్' గ్రంథంలో క్షయకూ క్యాన్సర్‌కూ సమాజం అంటగట్టిన రూపకాలను విడదీసి చూపింది. క్యాన్సర్‌ను రొమాంటిక్‌గా చిత్రించడం అరుదనీ, ఆ అరుదైన చోట రచయితలు ఎన్నుకొనేది లుకేమియానేననీ ఆమె గుర్తించింది. ఎరిక్ సీగల్ 'లవ్ స్టోరీ' (1970) ఇందుకు ఆమె చూపిన ఉదాహరణ. శరీరాన్ని కోసి వికృతం చేయనవసరం లేని జబ్బు కనుక అది నాయిక సౌందర్యాన్ని చెడగొట్టదు. మెల్లగా పాలిపోతుంది, కన్ను మూస్తుంది.

తెలుగు సినిమా ఈ సూత్రాన్ని తన అవసరాలకు తగ్గట్టు వాడుకొంది. 'ప్రేమాభిషేకం' (1981) నాయకుని క్యాన్సర్‌ను త్యాగానికి కారణం చేసింది. 'మాతృదేవోభవ' (1993) బ్లడ్ క్యాన్సర్ సోకిన తల్లి తన పిల్లలను ఒక్కొక్కరినీ ఒక్కో ఇంటికి అప్పగించే కథగా ఒక తరం ప్రేక్షకులను ఏడ్పించింది. ఈ చిత్రాల కళావిలువను తక్కువ చేయడం ఇక్కడి ఉద్దేశం కాదు. వాటిలో జబ్బు చేసే పని ఒక్కటే: గడువు విధించడం. గడువు ఉంటేనే కథకు బిగువు వస్తుంది. వైద్యుడు తెర మీదికి వచ్చేది ఆ గడువు చెప్పడానికే. చికిత్సకు అక్కడ చోటు లేదు. చికిత్స పనిచేస్తే కథ ఆగిపోతుంది.

ఇరవై ఏళ్లు మాత్ర వేసుకొంటూ, ఉద్యోగం చేసుకొంటూ, పిల్లల పెళ్లిళ్లు చేసే రక్త క్యాన్సర్ రోగి ఈ కథనవ్యవస్థలో పాత్ర కాలేడు. అటువంటివారు మన మధ్య తిరుగుతూనే ఉన్నారు.

3. తూటా కథ

విషాదకథకు జవాబుగా వచ్చినది విజయకథ. దాన్ని అంచనా వేయడానికి సి.ఎం.ఎల్. చికిత్సాచరిత్రను క్లుప్తంగానైనా తెలుసుకోవాలి.

1845లో ఎడిన్‌బరోలో జాన్ హ్యూస్ బెన్నెట్, బెర్లిన్‌లో రుడోల్ఫ్ విర్కో ఈ జబ్బును విడివిడిగా వర్ణించారు. పందొమ్మిదో శతాబ్ది ఉత్తరార్ధంలో దీనికి ఉన్న మందు పాషాణపు ద్రావకం. షెర్లాక్ హోమ్స్ సృష్టికర్తగా మనకు తెలిసిన ఆర్థర్ కోనన్ డాయల్ యువవైద్యుడిగా 1882లో 'లాన్సెట్' పత్రికకు రాసిన లేఖ, ఇటువంటి ఒక రోగికి పాషాణంతో చేసిన చికిత్స గురించే. ఆపైన ప్లీహానికి ఎక్స్-రే కిరణాలు, 1953 నుంచి బుసల్ఫాన్, తరువాత హైడ్రాక్సీయూరియా వచ్చాయి. ఇవి రక్తకణాల సంఖ్యను అదుపులో పెట్టేవి. జబ్బు నడకను మార్చగలిగేవి కావు. నిదానదశలో ఉన్న రోగి సగటున మూడు నుంచి ఐదేళ్లలో ఉధృతదశకు చేరి మరణించేవాడు. 1980లలో ఇంటర్‌ఫెరాన్ కొందరికి మేలు చేసింది గానీ, అది తెచ్చే జ్వరం, నీరసం, కుంగుబాటు భరించడం కష్టం. మజ్జమార్పిడి నయం చేయగలిగేది. దానికి సరిపోయే దాత, తట్టుకొనే వయసు, డబ్బు మూడూ కావాలి.

మరోవైపు కణశాస్త్రంలో వేరొక దారి తెరుచుకొంది. 1960లో ఫిలడెల్ఫియాలో పీటర్ నోవెల్, డేవిడ్ హంగర్‌ఫర్డ్ ఈ రోగుల కణాల్లో అసాధారణంగా పొట్టిదైన ఒక క్రోమోజోమును గుర్తించారు. 9వ, 22వ క్రోమోజోములు తమ ముక్కలను మార్చుకోవడం వల్ల అది ఏర్పడుతున్నదని 1973లో జానెట్ రౌలీ నిరూపించింది. ఆ అతుకు వద్ద పుట్టే బి.సి.ఆర్.-ఏ.బి.ఎల్. అనే సంయుక్త జన్యువు తయారుచేసే ప్రోటీనే జబ్బుకు మూలమని 1980లలో తేలింది. ఆ ప్రోటీను పనిని అడ్డుకొనే అణువు ఇమాటినిబ్. నోవార్టిస్ సంస్థలోని రసాయన పరిశోధన, ఆరెగాన్‌లో బ్రయన్ డ్రూకర్ పట్టుదల కలిసి 1998లో దాన్ని తొలిసారి రోగులకు అందించాయి. రోజుకు 300 మిల్లీగ్రాములు లేదా అంతకన్నా ఎక్కువ తీసుకొన్న 54 మందిలో 53 మందికి రక్తకణాల సంఖ్య పూర్తిగా సాధారణస్థితికి వచ్చింది. 2001 మే నెలలో అమెరికా ప్రభుత్వం దాన్ని ఆమోదించింది. అదే నెల 'టైమ్' పత్రిక ముఖచిత్రం మీద ఆ మందుగుళికలు క్యాన్సర్ మీది యుద్ధంలో కొత్త తూటాలుగా దర్శనమిచ్చాయి.

తూటా రూపకం కొత్తది కాదు. లక్ష్యాన్ని మాత్రమే తాకి తక్కిన దేహానికి హాని చేయని 'మాయ తూటా' అనే భావనను ఇరవయ్యో శతాబ్ది తొలినాళ్లలో పాల్ ఎర్లిక్ ప్రచారంలోకి తెచ్చాడు. ఇమాటినిబ్‌తో ఆ ఊహ నిజమైందన్న సంబరం సహజం. ఒక రూపకం ఏమి చెబుతుందో చూసినట్టే, ఏమి చెప్పనివ్వదో కూడా విమర్శ చూడాలి. తూటాను ఒక్కసారే పేలుస్తారు. తగిలాక కథ అయిపోతుంది. ఇమాటినిబ్ అలా పనిచేయదు. అది జబ్బు మూలకణాన్ని చంపదు, ఆ ప్రోటీనును పట్టి ఉంచుతుంది. ఎక్కువమందిలో పట్టు వదిలితే జబ్బు తిరిగి తలెత్తుతుంది. కనుక రేపు మళ్లీ వేసుకోవాలి, ఎల్లుండీ వేసుకోవాలి.

సిద్ధార్థ ముఖర్జీ 'ది ఎంపరర్ ఆఫ్ ఆల్ మాలడీస్' (2010) ఈ చరిత్రను అత్యంత పఠనీయంగా చెప్పిన గ్రంథం. 2011లో పులిట్జర్ బహుమతి పొందింది. గ్లీవెక్ అధ్యాయానికి ఆయన పెట్టిన పేరు, నాలుగు నిమిషాల్లోపు మైలు పరుగెత్తిన రోజర్ బానిస్టర్ ఘనతను స్ఫురింపజేస్తుంది: అసాధ్యమనుకొన్న హద్దును ఒకరు దాటితే తక్కినవారూ దాటగలరు. ఉపమానం ఉత్తేజకరంగా ఉంది. కానీ అది మళ్లీ ముగింపుగీత ఉన్న పరుగే. గీత దాటినవాడు పరిశోధకుడు. ఆ తరువాతి అధ్యాయంలో లూయీ కారల్ కల్పించిన ఎర్రరాణి వస్తుంది. ఉన్నచోట ఉండడానికే నిరంతరం పరుగెత్తవలసిన పందెం ఆమెది. దీర్ఘకాలిక రోగి దినచర్యకు ఇంతకన్నా సరైన ప్రతీక దొరకడం కష్టం. ముఖర్జీ దాన్ని ప్రధానంగా క్యాన్సర్ కణానికీ ఔషధ నిర్మాతకూ మధ్య పోటీకి అన్వయించాడు: మందుకు కణం లొంగకపోవడం, దాన్ని జయించే రెండవ తరం మందు రావడం. రోగి పరుగు అక్కడ వినిపించదు. ఈ మందు వల్ల జబ్బుతో బ్రతికేవారి సంఖ్య పెరుగుతూ పోతుందని ఆయన గుర్తించకపోలేదు. గుర్తించి, దాన్ని విజయానికి కొలమానంగా చూసి, ముందుకు సాగాడు. తన గ్రంథాన్ని క్యాన్సర్ 'జీవితచరిత్ర' అని పిలిచిన రచయితకు నాయకస్థానంలో ఉన్నది జబ్బు. జబ్బు లొంగిన చోట కథకునికి పని తీరిపోతుంది. రోగికి మాత్రం అసలు పని అప్పుడే మొదలవుతుంది.

4. 'సామర్థ్యం' అనే మాట

వైద్యపరిశోధనలో రెండు భావనలను వేరుగా చూస్తారు. ఎంపిక చేసిన రోగులలో, గట్టి పర్యవేక్షణలో, నిర్ణీత నియమాల కింద మందు చూపే ఫలితం ఒకటి. సాధారణ ఆసుపత్రిలో, సాధారణ రోగులకు, సాధారణ పరిస్థితుల్లో అదే మందు చూపే ఫలితం రెండవది. తెలుగులో రెండింటికీ 'సామర్థ్యం' అనే ఒకే మాట వాడుతున్నాము. ఇటీవల రెండవదాన్ని గురించిన అధ్యయనాలను 'వాస్తవ ప్రపంచపు ఆధారాలు' అనే పేరుతో పిలవడం పెరిగింది. వైద్యశాస్త్రం తాను అంతవరకూ ఆధారపడినది మరొక లోకపు లెక్క అని ఈ పేరుతో తనకు తెలియకుండానే ఒప్పుకొన్నట్టయింది.

ఇమాటినిబ్‌కు ప్రతిష్ఠ తెచ్చిన ఐరిస్ పరిశోధనలో 1106 మంది పాల్గొన్నారు. సగం మందికి ఇమాటినిబ్, సగం మందికి ఇంటర్‌ఫెరాన్‌తో కూడిన పాత చికిత్స. పదేళ్లకు పైగా గమనించి 2017లో ప్రకటించిన ఫలితాల ప్రకారం ఇమాటినిబ్ వర్గంలో పదేళ్ల తరువాత జీవించి ఉన్నవారి అంచనా 83.3 శాతం. ఒకప్పుడు మూడు నుంచి ఐదేళ్లు అని చెప్పిన జబ్బుకు ఇది అసామాన్యమైన అంకె. అదే నివేదికలో, అంతగా ఎవరూ ఉదహరించని మరొక అంకె ఉంది: ఆ వర్గంలో ఇమాటినిబ్‌తోనే అధ్యయన చికిత్సను పూర్తిచేసినవారు 48.3 శాతం. తక్కినవారు మందు పనిచేయకనో, పడకనో, వేరే కారణాలచేతనో మధ్యలో తప్పుకొన్నారు. మొదటి అంకె విజయకథకు చెందుతుంది. రెండవ అంకెలో నిత్యచికిత్స ఉంది. ఒకే నివేదికలోని రెండు అంకెలలో ఒకటి మాత్రమే లోకప్రసిద్ధం కావడాన్ని కథనసమస్యగానే చూడాలి.

'సామర్థ్యం' అనే మాట మన దేశంలో న్యాయస్థానం దాకా వెళ్లింది. ఇమాటినిబ్ మెసిలేట్ బీటా స్ఫటికరూపానికి పేటెంటు కోరుతూ నోవార్టిస్ 1998లో చెన్నైలో దరఖాస్తు చేసింది. 2006లో పేటెంటు కార్యాలయం దాన్ని తిరస్కరించింది. వివాదం చివరికి సుప్రీంకోర్టుకు చేరి 2013 ఏప్రిల్ 1న తీర్పు వెలువడింది. తెలిసిన పదార్థానికి కొత్తరూపం ఇచ్చినంత మాత్రాన పేటెంటు రాదని, దాని సామర్థ్యం మెరుగుపడాలని చట్టంలోని 3(డి) విభాగం అంటుంది. మందు విషయంలో సామర్థ్యమంటే చికిత్సాపరమైన సామర్థ్యమేనని, స్ఫటికం నిలకడ, తేమను పీల్చే గుణం వంటివి లెక్కలోకి రావని న్యాయస్థానం తేల్చింది. శరీరం మందును గ్రహించే పరిమాణం పెరుగుతుందన్న వాదన కూడా, దానివల్ల రోగికి మేలు ఎక్కువైనట్టు ఆధారం లేనందున నిలవలేదు. ఈ వ్యాజ్యంలో ఎదురుపక్షాన నిలిచినవారిలో, 'వీనాట్' పేరుతో 2003లో ఇమాటినిబ్‌ను విడుదల చేసిన హైదరాబాదు సంస్థ నాట్కో ఉంది.

ఈ తీర్పు మీద వచ్చిన వ్యాఖ్యానాలు ఎక్కువగా పేటెంటు హక్కు, ప్రజాప్రయోజనం అనే రెండు కొసల మధ్య నడిచాయి. నెలకు సుమారు 1,20,000 రూపాయల మందు సుమారు 8,000కు దొరకడం ఎంత పెద్ద విషయమో చెప్పనక్కరలేదు. కానీ ఈ పోలిక కూడా తూటా లెక్కనే, అంటే ఒక్కసారి కొనే వస్తువు లెక్కనే, మనసులో నిలుస్తుంది. ఆనాటి ధరే కొనసాగిందనుకొంటే నెలకు 8,000 అంటే పదేళ్లకు 9,60,000 రూపాయలు. ధరలు ఆ తరువాత తగ్గాయి, ఉచితంగా మందు అందించే పథకాలూ వచ్చాయి. అయినా మందు ఖర్చు తీరిన చోట పరీక్షల ఖర్చు, ఊరి నుంచి నగరానికి రాకపోకలు, ఆ రోజు పోయిన కూలి మిగిలే ఉంటాయి. తీర్పు అనే పాఠ్యానికి వీటితో పనిలేదు, అది దాని తప్పూ కాదు. తీర్పునే కథకు ముగింపుగా చదివిన మనం మాత్రం ఆ లోపానికి జవాబు చెప్పుకోవాలి.

5. మాత్ర

తెలంగాణ వాడుకలో మందుబిళ్లను 'గోలీ' అంటారు. ఉర్దూ, హిందీలలో ఆ మాటకు బిళ్ల, తూటా అనే రెండర్థాలూ ఉన్నాయి. 'టైమ్' ముఖచిత్రం పడిన శ్రమ మన వీధిలో ఒక్క మాటతో తీరిపోయింది. అదే వస్తువుకు శిష్టవ్యవహారంలో ఉన్న పేరు 'మాత్ర'. సంస్కృతంలో మాత్ర అంటే కొలత. ఛందస్సు చదివినవారికి అది కాలపు కొలత: లఘువుకు ఒకటి, గురువుకు రెండు. దీర్ఘకాలిక లుకేమియాలో బిళ్ల చేసే పని ఈ రెండవ అర్థానికి దగ్గరగా ఉంది. అది రోగి కాలాన్ని కొలుస్తుంది. భోజనంతో, గ్లాసెడు నీళ్లతో, రోజూ ఒకే వేళకు.

ఆ కొలత ఎంత కఠినమైనదో ఒక చిన్న అధ్యయనం తేల్చింది. లండన్‌లోని హామర్‌స్మిత్ ఆసుపత్రిలో 87 మంది సి.ఎం.ఎల్. రోగులు మందుసీసాను ఎప్పుడెప్పుడు తెరిచారో మూతలో అమర్చిన సూక్ష్మపరికరం ద్వారా మూడు నెలలపాటు నమోదు చేశారు. 2010లో వెలువడిన ఫలితం ఇది: వేసుకోవలసిన మాత్రల్లో 90 శాతానికి మించి వేసుకొన్నవారికి ఆరేళ్లలో జన్యుస్థాయిలో మంచి స్పందన వచ్చే సంభావ్యత 94.5 శాతం, 90 శాతం, అంతకు తక్కువ వేసుకొన్నవారికి 28.4 శాతం. నెలకు మూడు మాత్రలు తప్పిపోతే చాలు, రోగి ఆ రెండవ వర్గంలోకి జారిపోతాడు. బెల్జియంలో 169 మంది మీద జరిగిన మరొక అధ్యయనంలో ఒక్క మాత్ర కూడా అటూయిటూ కాకుండా వాడినవారు సుమారు 14 శాతమే.

ఈ అంకెలను మన వైద్యరచనలు చదివే తీరు మీద అభ్యంతరం చెప్పవలసి ఉంది. మాత్ర మానడం వాటిలో 'నిర్లక్ష్యం'గా, 'అవగాహనలేమి'గా కనిపిస్తుంది. యుద్ధకథలో తూటా పేల్చని సైనికుడు దోషి కనుక ఈ తీర్పు తేలికగా వస్తుంది. నిత్యజీవితం వైపు నుంచి చూస్తే కారణాలు వేరు. ఇమాటినిబ్ వాడేవారిలో కళ్లచుట్టూ ఉబ్బు, కండరాల తిమ్మిరి, వికారం, అలసట తరచు కనిపిస్తాయి. చర్మం రంగు వెలవడం చామనఛాయ, నల్లని మేనిఛాయల వారిలో మరీ తెలిసిపోతుంది. దుష్ఫలితాలను అంచెలుగా లెక్కించే పరిశోధనా పట్టికలో ఇవి ఎక్కువగా ఒకటో రెండో అంచె, అంటే 'స్వల్పం' లేదా 'మధ్యస్థం'. వారంపాటు అయితే స్వల్పమే. పదిహేనేళ్లు రోజూ ఉండే వికారాన్ని స్వల్పమని పిలిచే పట్టికలో కాలానికి గడి లేదు. ఆ పట్టికను తక్కువ వ్యవధి కీమోథెరపీల అనుభవంతో అలవాటు చేసుకొన్న వైద్యం, మాత్రల యుగంలోనూ దాన్నే వాడుతూ వచ్చింది.

మన దేశంలో సి.ఎం.ఎల్. రోగుల వయసు ఈ సమస్యను మరింత జటిలం చేస్తుంది. పాశ్చాత్య దేశాల్లో ఈ జబ్బు ఎక్కువగా అరవై దగ్గర పడినవారికి బయటపడుతుంటే, భారతదేశంలో ముప్పైల్లో, నలభైల్లో ఉన్నవారు ఎక్కువ. అంటే సంపాదించే వయసు, పిల్లలు పుట్టే వయసు. గర్భధారణ సమయంలో, ముఖ్యంగా తొలినెలల్లో, ఇమాటినిబ్ వాడకూడదు. ఇరవైయారేళ్ల స్త్రీకి ఈ ఒక్క వాక్యం జీవితాన్నంతా తిరిగి రాసుకోమని చెప్పడమే. పెళ్లి కావలసిన అమ్మాయి ఇంట్లో మందుసీసా మీది పేరు చింపివేయడం, అత్తవారింటికి వెళ్లినప్పుడు మాత్రలు తీసుకుపోలేకపోవడం వంటివాటిని 'నిర్లక్ష్యం' అనే మాట మోయలేదు. మన స్త్రీవాద కథాసాహిత్యం దేహాన్ని, గర్భాన్ని, మాతృత్వాన్ని ఇంత లోతుగా చర్చించినప్పటికీ ఈ సందర్భం దాని దృష్టికి తగినంతగా రాలేదనే చెప్పాలి.

మరొక కొత్త పాఠ్యం కూడా రోగి చేతికి వచ్చింది. అది పి.సి.ఆర్. నివేదిక. రక్తంలో బి.సి.ఆర్.-ఏ.బి.ఎల్. పాలు మూడు నెలలకు 10 శాతానికి, ఆరు నెలలకు 1 శాతానికి, ఏడాదికి 0.1 శాతానికి దిగాలన్నవి యూరోపియన్ మార్గదర్శకాలు నిర్దేశించిన మైలురాళ్లు. ఒంట్లో ఏ బాధా లేని మనిషి తన జబ్బును ఇప్పుడు దశాంశ స్థానాల్లో చదువుకోవాలి. నివేదిక వచ్చేదాకా ఆరోగ్యవంతుడు, వచ్చిన నిమిషాన రోగి. ఈ అనుభవానికి పాత వ్యాధిసాహిత్యంలో పోలిక లేదు. క్షయరోగికి దగ్గు, నెత్తురు ఉండేవి. ఇతనికి ఉన్నది ఒక అంకె.

6. చికిత్స చేయకపోవడమనే చికిత్స

సి.ఎల్.ఎల్. గురించి ఇక్కడ క్లుప్తంగానే చెప్పగలం. ఇది ప్రధానంగా వృద్ధుల జబ్బు, మన దేశంలో పాశ్చాత్య దేశాల కన్నా అరుదు. ఇందులో చికిత్సాపద్ధతిని మార్చిన తొలి గ్రంథకర్తలలో జోధ్‌పూర్‌లో పుట్టి అమెరికాలో స్థిరపడిన కాంతి రాయ్ ఒకరు. 1975లో ఆయన బృందం రూపొందించిన దశల విభజన నేటికీ వాడుకలో ఉంది. ఎవరికి చికిత్స అవసరమో తేల్చడానికి ఆ విభజన ఉపయోగపడింది. 1998లో ఫ్రెంచి పరిశోధకులు ప్రకటించిన ఫలితాలు ఇంకొక అడుగు వేశాయి: తొలిదశలోనే క్లోరాంబ్యుసిల్ మొదలుపెట్టినవారు, పెట్టనివారికన్నా ఎక్కువకాలం బ్రతకలేదు. చికిత్స వాయిదా వేసినవారిలో దాదాపు సగం మందికి పదకొండేళ్లు దాటినా దాని అవసరం రాలేదు.

క్యాన్సర్ ఉందని చెప్పి, మందు వద్దని పంపడం విషాదకథకూ, విజయకథకూ కూడా అర్థం కాని చర్య. మొదటిదానిలో అది వైద్యుడు చేతులెత్తేయడం. రెండవదానిలో యుద్ధభూమి వదిలి రావడం. తగిన పేరు లేని ఈ పద్ధతిని ఇంగ్లీషు వైద్యభాష 'గమనిస్తూ వేచి ఉండటం' అన్నది; రోగులు దాన్ని 'గమనిస్తూ దిగులుపడటం'గా మార్చుకొన్నారు. ఆ ఎగతాళిలో ఉన్న విమర్శ మార్గదర్శక గ్రంథాల్లో లేదు.

2014లో ఇబ్రుటినిబ్ రాకతో సి.ఎల్.ఎల్. కూడా మాత్రల కాలంలోకి వచ్చింది. అమెరికాలో సాధారణ చికిత్సలో దాన్ని వాడిన 616 మంది వివరాలను 2018లో విశ్లేషిస్తే, సుమారు పదిహేడు నెలల గమనంలోనే 41 శాతం మంది మానేసినట్టు తేలింది. జబ్బు ముదరడం కన్నా మందు పడకపోవడమే అందుకు ప్రధాన కారణం. ఆ తరువాత వెనెటోక్లాక్స్‌తో కూడిన ఏడాది గడువు చికిత్స వచ్చింది. అంతులేని మాత్ర నుంచి గడువున్న మాత్రకు మళ్లడంలో రోగుల కాలభారాన్ని వైద్యం ఆలస్యంగానైనా లెక్కలోకి తీసుకొన్న జాడ కనిపిస్తుంది.

7. 'తగ్గింది'

సి.ఎం.ఎల్.లో అటువంటి ప్రయత్నం మందు ఆపివేయడం. ఫ్రాన్సులో కనీసం రెండేళ్లు జన్యుస్థాయిలో జబ్బు ఆనవాలు కనిపించని 100 మందికి ఇమాటినిబ్ ఆపి చూశారు. ఆపిన ఏడాదికి జబ్బు తిరిగి రాకుండా ఉండే సంభావ్యత 41 శాతమని 2010లో ప్రకటించారు. తిరిగి వచ్చినవి ఎక్కువగా మొదటి ఆరు నెలల్లోనే. వారు మళ్లీ మందుకు స్పందించారు కనుక ఈ ప్రయత్నం ప్రమాదకరం కాదన్న నమ్మకం కుదిరింది. నేడు అది తగిన రోగులకు ఆమోదించిన చికిత్సాలక్ష్యం. పిల్లలు కావాలనుకొనే స్త్రీలకు ఇది తెరిచిన తలుపు ఎంత విలువైనదో వేరుగా చెప్పనక్కరలేదు. అయితే ఆ స్వేచ్ఛకు షరతు ఉంది. తొలి నెలల్లో దాదాపు నెలనెలా పి.సి.ఆర్. పరీక్ష చేయించుకోవాలి. మందు మానినవాడు ప్రయోగశాలకు మరింత దగ్గరవుతాడు. నమ్మదగిన పరీక్ష అందుబాటులో లేని చోట ఈ లక్ష్యం కాగితం మీదిదే.

ఈ స్థితికి తెలుగులో ఏమని పేరు పెట్టాలి? 'నయం' అనలేము, జబ్బు తిరిగి రావచ్చు. 'ఉపశమనం' అనే మాట ఉంది గానీ, అది బాధ తగ్గడానికి వాడుకలో స్థిరపడింది. ఈ రోగికి బాధ ముందునుంచీ లేకపోవచ్చు. వాడుకలో అందరూ వాడేది 'తగ్గింది' అనే క్రియ. జ్వరం తగ్గింది, దగ్గు తగ్గింది, కామెర్లు తగ్గాయి. ఈ మాటకు తెలుగులో పరిమాణం క్షీణించడమూ, పూర్తిగా నయం కావడమూ రెండూ అర్థాలే. సందర్భం చూసుకొని మనం తేడా తెలుసుకొంటాము. మామూలు జబ్బుల్లో ఈ సందిగ్ధత ఎవరికీ హాని చేయదు, రెండు అర్థాలూ చివరికి ఒకచోటికే చేరతాయి.

సి.ఎం.ఎల్.లో అవి చేరవు. నివేదిక చూసి వైద్యుడు "బాగా తగ్గింది" అన్నప్పుడు ఆయన ఉద్దేశించినది 10 నుంచి 0.1కి దిగిన అంకె. రోగి చెవిన పడేది కామెర్లు తగ్గినట్టు తగ్గడం. ఒంట్లో బాధ లేదు, వైద్యుడే తగ్గిందన్నాడు, మాత్రేమో కళ్లకింద ఉబ్బు తెస్తోంది. తగ్గిన జబ్బుకు మందెందుకు అన్న ప్రశ్న అప్పుడు అజ్ఞానం నుంచి పుట్టదు, భాషలోని ఒక సక్రమమైన అర్థం నుంచే పుడుతుంది. తెలుగులో వచ్చే రోగి సమాచారపత్రాలు, పత్రికల ఆరోగ్యశీర్షికలు ఈ క్రియను విచక్షణ లేకుండా వాడుతున్నాయి. 'అణిగింది', 'అదుపులో ఉంది', 'కనిపించడం లేదు' అనే మాటలు మన దగ్గరే ఉన్నాయి. వీటిలో ప్రతిదానికీ పి.సి.ఆర్. నివేదికలో వేరువేరు అంకెలు ఉన్నాయి. ఏ అంకెకు ఏ మాట అన్నది వైద్యులు ఒక్కరే తేల్చగలిగేది కాదు. మాండలిక పదకోశాల మీద, వైద్యపరిభాష మీద పనిచేసే విశ్వవిద్యాలయ తెలుగు శాఖలు ఆసుపత్రి గదిలో కూర్చొని వినవలసిన విషయమిది.